కర్మాగారములలో కారణాన్వేషణము



రథసప్తమి నాడు ఇందూరు పట్టణములోని కంఠేశ్వర్‌కు, నీలకంఠేశ్వరస్వామి దర్శనమునకై చుట్టుపట్ల పల్లెలనుండి జనులు వచ్చుచుందురు. చెరకు గానుగాడు కాలమును అదియే. బోధను ప్రాంతమున చెరకు ముమ్మరముగా పండిన దినములలో, ఆ వేళకు చెరకు బండ్లు కర్మాగారపు ద్వారము మొదలుకొని బారులు తీరి యుండెడివి. బారు కదలక నిలిచిపోయినపుడు ముందున్నవాడు వెనుకనున్న వానితో "మిల్లు ఆగినది" అని చెప్పెడివాడు. "ఎందుకాగినది?" అని అడిగినచో "ఏదో విరిగినదట" అని సమాధానము. అంతకుమించి ఎవ్వరికిని తెలియదు. బండిమీది చెరకు ఎండుచుండును. ఎద్దులు మేతలేక నిలిచియుండును. రైతు చలిలో కంబళి కప్పుకొని కూర్చుండును.

ఆ "ఏదో" అను చిన్న మాటను గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. కర్మాగారమున పని ఏల చెడుచున్నది, చెడినపని మరల చెడకుండుటకు కారణమును వెదకు ఏర్పాటు ఎట్లు చేసికొనవలెను, ఆ ఏర్పాటునకు యాజమాన్యము తోడ్పాటును ఎట్లు సంపాదింపవలెను అనునవి నేటి విషయములు. ఇది యంత్రశాలలోని వారి గొడవ, మనకేల యని మీరనుకొనవలదు. మిల్లు ఆగినపుడు మొదట నష్టపడువాడు బారులోనున్న రైతు. యంత్రము చేయి పట్టుకొన్నపుడు ఏడ్చునది పల్లెలోని ఇల్లు.

మనకు తెలిసిన చోటినుండియే ప్రారంభింతము. మంజీరపై నిజాంసాగరము 1923లో మొదలై 1931 నాటికి పూర్తి యయ్యెను. ఆ నీటి వలననే ఈ సీమ చెరకు సీమ యయ్యెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము నెలకొనెను. దాని చుట్టును శక్కర్‌నగర్ అను ఊరే వెలసినది. ఒకప్పుడు అది ఆసియా ఖండములోనే పెద్దదని పేరు పొందినది. 2002లో అది ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. ఆ మూతకు గల కారణములు పెద్దవి, వివాదమునకు లోనైనవి. వానిని నేడు విచారింపబూనను. చక్కెర కర్మాగారమును ఉదాహరణముగా తీసికొనుటకు కారణమొక్కటే: దాని పని మీకు తెలియును. ఇక చెప్పబోవునది ఏ యొక్క మిల్లును గూర్చిన కథయు కాదు. అన్ని మిల్లులలోను జరుగదగినది.

ఒక చక్కెర కర్మాగారమును మనస్సున నుంచుకొనుడు. చెరకును గానుగలకు మోసికొనిపోవు గొలుసు పట్టాను త్రిప్పు ఇరుసు మాటిమాటికి వేడెక్కి ఆగిపోవుచున్నది. ఆగినప్పుడెల్ల ఇంజనీరు పరుగున వచ్చును. బేరింగు కాలినదని కనుగొనును. "నూనె పోయువాడెవడు?" అని అడుగును. నూనె పోయువాడు చేతులు కట్టుకొని నిలుచును. "పోసితినయ్యా" అనును. "పోసినచో ఏల కాలును?" అని వానికి జరిమానా వేయుదురు. క్రొత్త బేరింగు వేసి మిల్లు నడిపింతురు. పది దినములకు మరల ఆగును. ఈ మారు నూనె పోయువానిని తీసివేసి మరియొకని పెట్టుదురు. మరల ఆగును. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు ఇది ఎంతకాలమైనను సాగవచ్చును.

ఇప్పుడు జరిమానా మాట ప్రక్కన పెట్టి, కారణమును మాత్రమే వెదకుదము. బేరింగు ఏల కాలినది? నూనె లోపలికి పోలేదు. ఏల పోలేదు? నూనె పోవు సన్నని దారి పిప్పి పొడితో పూడుకొని యున్నది. పిప్పి పొడి అందులోనికి ఏల వచ్చినది? దానిపైనుండు రేకుమూత లేదు. మూత ఏల లేదు? వెనుకటి మరమ్మతులో తీసి, మిల్లు త్వరగా నడపవలెనన్న తొందరలో మరల బిగింపలేదు. తరువాతనైనను ఏల బిగింపలేదు? గానుగాట ముగిసిన వేసవిలో చేయవలసిన మరమ్మతుల జాబితాలో ఆ మూత పేరే లేదు. ఆ జాబితాను సరిచూచు బాధ్యత ఎవ్వరికిని అప్పగింపబడలేదు.

చూచితిరా! నూనె పోయువాని చేతిలో మొదలైన విచారణ కచ్చేరిలోని మేజా మీదికి వచ్చి నిలిచినది. వాడు నిజముగనే నూనె పోసినాడు. నూరుగురు నూనె పోయువారిని మార్చినను ఆ ఇరుసు కాలుచునే యుండును. మూత ఒకటి బిగించి, జాబితాలో ఒక పంక్తి వ్రాసి, దాని క్రింద ఒక పేరు చేర్చినచో కాలుట మానును.

ఈ విధముగా "ఏల, ఏల" అని వరుసగా అడుగు పద్ధతిని జపాను దేశమున టయోటా సంస్థవారు అభ్యాసము చేసి ప్రసిద్ధము చేసిరి. ఆ సంస్థకు మూలపురుషుడు టయోడా సకీచి. ఆయన మగ్గములు చేసినవాడు. పోగు తెగినంతనే తనంతట తానే ఆగు మగ్గమును ఆయన 1924లో తయారు చేసెను. మన నేతగాండ్రకు దీని విలువ చెప్పనక్కరలేదు. పోగు తెగిన సంగతి తెలియక నేసినంత గుడ్డయు చెడును. తెగినచోటనే ఆగినచో చెడునది ఒక్క పోగు. తరువాత కార్ల కర్మాగారమున ఓనో తైచి యను ఇంజనీరు ఆ బుద్ధినే మనుష్యుల పనికి అన్వయించెను. యంత్రమాగినపుడు అయిదుమార్లు "ఏల" యని అడుగుడని తనవారికి బోధించెను. ఆయన చెప్పిన ఉదాహరణము మన బేరింగు కథకు దగ్గరిదే: యంత్రమునకు బరువెక్కి ఫ్యూజు పోయినది, బేరింగునకు నూనె చాలనందున బరువెక్కినది, నూనె పంపు సరిగా తోడనందున చాలలేదు, పంపు ఇరుసు అరిగినందున తోడలేదు, జల్లెడ లేక లోహపు రజను లోనికి పోయినందున అరిగినది. ఫ్యూజు మార్చి ఊరకున్నచో కథ మొదటికి వచ్చును. జల్లెడ పెట్టినచో ముగియును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. అయిదు అనునది మంత్రసంఖ్య కాదు. ఒకప్పుడు మూడింటితో ముగియును; ఒకప్పుడు ఏడింటికి గాని చేరదు. ఒక నష్టమునకు రెండు మూడు కారణములు కలిసి వచ్చుటయు కలదు. ప్రతి సమాధానమును కుర్చీలో కూర్చుండి ఊహించుట కాక, యంత్రము కడకు పోయి కన్నులతో చూచి నిజమని రూఢి చేసికొనవలెను. లేనిచో ఒక ఊహపై మరియొక ఊహ పేర్చి, చివరకు మనకిష్టము లేనివాని ఇంటి ముందర పోయి నిలుతుము. అది అన్వేషణము కాదు, పగ.

ఇంతవరకు చెప్పినది సులభము. కష్టమంతయు ఇకముందున్నది. కారణము కచ్చేరి మేజా మీద దొరకునపుడు, ఆ మాటను ఆ మేజా వెనుక కూర్చున్నవారితో చెప్పుటెవరు? పిల్లి మెడలో గంట కట్టుటెవరు? అందుచేతనే ఈ పని ఏదో ఒక ఉత్సాహవంతుడు ఒక్కడు చేయదగినది కాదు. యాజమాన్యము చేయి వేయనిచో నాలుగు దినములలో ఆరిపోవును.

చేయి వేయుట యనగా వేదికపై మంచిమాట చెప్పుట కాదు. అయిదు వస్తువుల నిచ్చుట. మొదటిది కాలము: పనివారు కూర్చుండి ఆలోచించుటకు వారమునకొక గంట, జీతము కోయక. రెండవది లెక్కల పుస్తకములు చూచు అనుమతి. మూడవది అభయము: నిజము చెప్పినవానికి దండన లేదను మాట. నాలుగవది, చిన్న చిన్న మరమ్మతులకు కొద్ది సొమ్ము. అయిదవది, అన్నిటికన్న ముఖ్యమైనది, సమాధానము: పనివారు చేసిన ప్రతి సూచనకును "సరే" యనియో, "వలదు, ఈ కారణమున" అనియో, "ఫలాని నెలలో" అనియో గడువులోపల బదులు చెప్పుట. బదులు రాని సూచన ఒక్కటి పది సూచనలను గొంతులోనే చంపును.

అధికారము గలవారు విచారణకు తోడ్పడినచో ఏమి జరుగునో మన హైదరాబాదు చరిత్రయే చెప్పుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచి వేలాది ప్రాణములను బలిగొనెను. పడిన గోడలు కట్టి, నదిని తిట్టి ఊరకుండవచ్చును. కాని నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1909లో పిలిపించి, కారణము కనుగొని ఉపాయము చెప్పుమనెను. ఆయన నగరమునే చూచి ఊరకొనక, పైనున్న పరీవాహక ప్రదేశమంతటిని పరిశీలించి, కురిసిన వానను లెక్కించి, ఎగువనున్న చెరువులలో రెండువందలకు పైగా కట్టలు తెగినవని తేల్చెను. నష్టము నగరమున కనబడినను దాని మూలము ఎగువనున్నది. కనుక నీటిని ఎగువననే నిలుపు జలాశయములను సూచించెను. ప్రభుత్వము ఆ నివేదికను అటక మీద పెట్టలేదు. ఏండ్ల తరబడి సొమ్ము వెచ్చించి 1920 నాటికి ఉస్మాన్‌సాగరమును, 1927 నాటికి హిమాయత్‌సాగరమును కట్టించెను. అన్వేషకుడు ఎంత మేధావియైనను, ప్రభువు తోడ్పాటు లేనిచో ఆ నివేదిక కాగితముగనే మిగిలి యుండెడిది.

ఇక యాజమాన్యము ఏల వెనుకాడునో న్యాయబుద్ధితో విచారింతము. వారిని దుష్టులని మొదలే నిర్ణయించుకొన్నవాడు వారిని ఒప్పింపజాలడు. గానుగాట కాలము నాలుగైదు నెలలు మాత్రమే. ఆ దినములలో ప్రతి గంటయు వెలగలది. అందు "కూర్చుండి ఆలోచింతము" అన్నచో ఇంజనీరునకు సహజముగనే కోపము వచ్చును. తప్పు కాగితముపై వ్రాసినచో రేపు కోర్టులోనో పైవారి కడనో అదియే తమ మెడకు చుట్టుకొనునను భయము మరియొకటి. ఇదివరకు ఎన్నో కమిటీలు పుట్టి టీ త్రాగి గిట్టిన అనుభవము మూడవది. కారణము తెలిసినచో పెద్ద ఖర్చు నెత్తిన పడునను శంక నాలుగవది. ఈ నాలుగును నిజమైన భయములే. వీనికి సమాధానము చెప్పగలిగినవాడే తోడ్పాటును పొందును.

ఎట్లు చెప్పవలెను? మొదటి ఉపాయము, యజమాని లెక్కల భాషలో మాటలాడుట. "బేరింగు చెడుచున్నది, పనివారికి బాధగా నున్నది" అన్నచో వినునేమో, వినడేమో. మన మిల్లు గంటకు 100 టన్నుల చెరకు ఆడుననుకొందము. నెలలో పదిమార్లు, మారునకు 40 నిమిషముల చొప్పున ఆగినది. అనగా 400 నిమిషములు. ఆరు గంటల నలువది నిమిషములు. ఆ కాలములో ఆడవలసిన సుమారు 667 టన్నుల చెరకు ఆగినది. ఈ లెక్కను మిల్లువారి సొంత దినచర్య పుస్తకమునుండి తీసి, ఒక్క కాగితముపై వ్రాసి చూపవలెను. వారి పుస్తకములోని అంకెను వారు కాదనలేరు.

కాని లెక్కలో అతిశయోక్తి కూడదు. 667 టన్నుల చెరకులో నూటికి పది చొప్పున సుమారు 67 టన్నుల చక్కెర పోయినదని వ్రాసినచో అది అబద్ధము. ఆ చెరకు తరువాత ఆడబడును. చక్కెర యంతయు పోదు, ఆలస్యమగును. నిజముగా పోవునదేమి? కోసిన చెరకు నిలిచినకొలది బరువు తగ్గును, అందలి చక్కెర విరిగి నాణ్యము చెడును. తొట్లలోని రసము పులియును. పిప్పి రానందున బాయిలరునకు వేరు వంటచెరకు వేయవలసి వచ్చును. ఊరకున్న పనివారికి జీతము తప్పదు. బారులోని రైతు మరుసటి ఏట వేరు పంట వేసికొనును. ఈ చివరి నష్టము ఏ పుస్తకములోను కనబడదు. కాని కర్మాగారమునకు చెరకు తగ్గుట అచ్చటనే మొదలగును. ఉన్నది ఉన్నట్లు చెప్పినవాని రెండవ కాగితమునకు విలువ యుండును. ఒకమారు పెంచి చెప్పినవాని మాట ఎప్పటికిని చెల్లదు.

చక్కెర కర్మాగారపు లెక్కలలో ఒక వింత పద్దు కలదు. చెరకులో వచ్చిన చక్కెర ఎంత, బస్తాలలోనికి ఎక్కినది ఎంత అని సరిచూతురు. పిప్పిలో పోయినది, మడ్డిలో పోయినది, మొలాసిస్‌లో పోయినది కొలిచి వ్రాయుదురు. అప్పటికిని లెక్క సరిపోనిచో, మిగిలినదానిని "నిర్ధారణ కాని నష్టము" అని వేరుగా వ్రాయుదురు. తెలియని దానిని తెలియదని నిజాయితీగా వ్రాయుట ఆ వృత్తిలోని మంచి యాచారము. ఆ పద్దు పెరిగినచో మంచి మేనేజరునకు నిద్రపట్టదు. యంత్రము ఆగుటలకు, దెబ్బలు తగులుటలకు గూడ అట్టి పద్దు నొకటి పెట్టుడని అడిగినచో, అది ఆయనకు క్రొత్త భాష కాదు.

రెండవ ఉపాయము, కొంచెము అడుగుట. "కర్మాగారమంతట నడుపుదము" అనక, "ఒక్క యంత్రము, ఒక్క గానుగాట కాలము, నలుగురు మనుష్యులు, వారమునకొక గంట" అని అడుగవలెను. అంత చిన్నదానిని కాదనుట కష్టము. చెడినను నష్టము తక్కువ. విజయము పొందినచో రెండవ యంత్రము వారే చూపింతురు.

మూడవది, మధ్యనున్నవారిని దాటిపోకుండుట. మేస్త్రీ, షిఫ్టు ఇంజనీరు, ఫోర్‌మన్, వీరిని తప్పించి నేరుగా పెద్ద దొర కడకు పోయినవాడు ఒక్క మెప్పు సంపాదించి పదిమంది పగను తెచ్చుకొనును. పైవారు ఉత్తరువు ఇచ్చినను మధ్యవారు మనస్సు పెట్టనిచో ఆ గంట ఎప్పుడును దొరకదు. కనుక ఆ మేస్త్రీనే నాయకునిగా పెట్టి, ఫలితము వచ్చినపుడు ఆయనచేతనే పెద్దలకు చెప్పింపవలెను.

నాలుగవది, నేరము మోపక కారణము చూపుట. అదే సంగతిని రెండు విధములుగా వ్రాయవచ్చును. "యాజమాన్యము అశ్రద్ధ వలన మూత బిగింపబడలేదు" అని వ్రాసినచో చదువువాడు తన్ను కాపాడుకొనుటకు పూనుకొనును. "వేసవి మరమ్మతుల జాబితాలో మూత చేరలేదు, చేర్చినచో ఇరుసు కాలుట తగ్గునని తలచుచున్నాము, ఖర్చు ఇంత, ఈ పని ఫలానివారు ఈ తేదీలోపల చేయగలరు" అని వ్రాసినచో సంతకము చేయుటకు కలము తీయును. నిజము రెండింటను ఒక్కటియే. తెలిసి తెలిసి కీడు చేసినవానిని, త్రాగి పనికి వచ్చినవానిని కాపాడుమని నా భావము కాదు. అట్టివారికి వేరు చట్టము కలదు. కాని పొరపాటు చెప్పుకొన్నవానిని శిక్షించు చోట పొరపాట్లు తగ్గవు, దాచబడును.

అయిదవది, ఫలితమును సరిచూచుట. మూత బిగించిన తరువాత రెండు నెలలు ఇరుసు ఎన్నిమార్లు ఆగినదో వ్రాసి చూపవలెను. ఆగుట తగ్గనిచో "మా యూహ తప్పినది, మరల వెదకెదము" అని ఒప్పుకొనవలెను. తప్పు ఒప్పుకొనుమని యజమానిని కోరువాడు తానే ముందుగా ఆ దారి చూపవలెను.

ఈ మాటలు వట్టి ఉపన్యాసము కావని చూపుటకు మన తెలంగాణములోని యొక నిదర్శనము చెప్పెదను. జపానులో ఇషికావా కౌరు మొదలైనవారి ప్రోత్సాహమున 1962 నుండి పనివారి చిన్న బృందములు పుట్టినవి. ఒకేచోట పనిచేయు కొలదిమంది స్వేచ్ఛగా కూడి, తమ పనిలోని చిక్కులను తామే ఎంచుకొని, కారణములు వెదకి, ఉపాయములను పెద్దల యెదుట నివేదింతురు. వీనికి నాణ్యతా వలయములని పేరు. మన దేశమున ఈ వలయములు మొదట పుట్టినది హైదరాబాదు చెంత రామచంద్రాపురములోని భెల్ కర్మాగారమున, 1980లో. అచ్చటి ఉన్నతాధికారి శ్రీ ఎస్. ఆర్. ఉడ్ప వీనిని నెలకొల్పిరి. 1982లో వీనిని దేశమంతట వ్యాపింపజేయుటకు ఒక సంస్థ గూడ ఉడ్పగారి పూనికతోనే ఏర్పడెను.

ఇందులో మనము గమనింపవలసినది ఒక్కటి. అచ్చట దీపము వెలిగించినవాడు పైవాడే. వలయముల ఏర్పాటులో పనివారి బృందము, దాని నాయకుడు, వారికి సాయము చేయు అధికారి, అందరిపైన నడిపించు పెద్దల సంఘము అని మెట్లు కలవు. పనివాడు తన మాటను పట్టుకొని చీకటిలో తడుముకొననక్కరలేదు; మాట పైకి పోవుటకు మెట్లు కట్టియున్నవి. పనివారు తామే నిలుచుండి పెద్దల యెదుట తమ పరిశోధనమును చెప్పుట అందలి గొప్ప భాగము. ఏండ్ల తరబడి రెంచి పట్టిన చేతులు ఆ దినమున సుద్దముక్క పట్టి పటమునెదుట నిలుచును. ఆ గౌరవము బహుమతి సొమ్ముకన్న మిన్న.

చెడిన కథలను గూడ చెప్పవలెను. 1980ల దశకమున అమెరికాలో వేలకొలది సంస్థలు ఈ వలయములను పెట్టినవి. పెక్కుచోట్ల కొన్నేండ్లకే అవి అంతరించినవి. మధ్య అధికారులు తమ అధికారము పోవుచున్నదని ముఖము త్రిప్పుకొనిరి. సూచనలకు బదులు రాలేదు. కూర్చుండుటకు వేళ దొరకలేదు. మన దేశముననే 1947లో చేసిన పారిశ్రామిక వివాదముల చట్టము, నూరుగురు గాని అంతకు మించి గాని పనివారున్న చోట, యాజమాన్యము వారును పనివారును కలిసి కూర్చుండు కమిటీకి వీలు కల్పించెను. చట్టము కుర్చీలు వేయించగలదు; కూర్చున్నవారిచే వినిపింపజేయలేదు. వినుట అనునది ఇష్టపడి చేయవలసిన పని.

వినకపోయినచో ఏమగును? చక్కెర మిల్లులో బేరింగు కాలుటతో ముగియవచ్చును. అన్నిచోట్ల అట్లు ముగియదు. భోపాలు నగరములోని పురుగుమందుల కర్మాగారమున 1981 డిసెంబరులో విషవాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. 1982లో ఆ సంస్థ నిపుణులే వచ్చి చూచి లోపములను వ్రాసిపోయిరి. ఊరి పత్రికలో హెచ్చరికలు వచ్చినవి. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి ఆ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలాది మంది ప్రాణములు విడిచిరి. ఆ తరువాత 1987లో చట్టమును సవరించి, ప్రమాదకరమైన పనులు జరుగు కర్మాగారములలో పనివారును యాజమాన్యమువారును సమానసంఖ్యలో నుండు రక్షణ సంఘములు ఏర్పరుపవలెనని విధించిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. పెద్ద ఆపద ఎప్పుడును ఒంటరిగా రాదు. తనకు ముందు చిన్న చిన్న దూతలను పంపును. మొదటి దూతనే కూర్చుండబెట్టి "నీవేల వచ్చితివి?" అని అడిగిన ఇంటికి రెండవవాడు రాడు.

పెద్దలారా! మీరు కర్మాగారమునకు యజమానులు కారు. కాని మీలో కొందరు సహకార సంఘములలో పెద్దలు. కొందరు పంచాయతీలలో పెద్దలు. కొందరు రైసు మిల్లులలో పాలుగలవారు. అచ్చట మీరే యాజమాన్యము. పొలములోని ట్రాన్సుఫారము ఏటికి మూడుమార్లు కాలినచో, "లైనుమను చెడ్డవాడు" అని తీర్పు చెప్పుటకు ముందు, దానిపై ఎన్ని మోటార్లు పెరిగినవో, నూనె ఎన్నడు చూచినారో, భూమిలోనికి దింపిన తీగ పచ్చిగా నున్నదో ఎండినదో అడుగుడు. సంఘపు గోదాములో ఎరువు బస్తాలు ఏటేట తడిసినచో, కావలివానిని మార్చుటకు ముందు కప్పు నెక్కి చూడుడు. పనిచేయు కుర్రవాడు వచ్చి "అయ్యా, ఇది ఇట్లు చెడుచున్నది" అన్నప్పుడు, "నీకేల, నీ పని చూచుకొనుము" అనకుడు. ఆ ఒక్క మాటతో వాని నోరు మూతపడును. తరువాత చెడునది మీకు చెడిన పిమ్మటనే తెలియును.

మీ కొడుకులు, మనుమలు హైదరాబాదు కర్మాగారములలోను, గల్ఫు దేశముల పనులలోను ఉన్నారు. సెలవులకు వారు ఇంటికి వచ్చినపుడు జీతమెంత అని అడుగుదుము. "నీవు పనిచేయు చోట ఒకనికి దెబ్బ తగిలినచో ఏమి చేయుదురు? దోషిని వెదకుదురా, దోషమును వెదకుదురా?" అని గూడ ఒకమారు అడుగుడు. వాని సమాధానమునుబట్టి వాడెట్టి చోట బ్రతుకుచున్నాడో మీకు తెలియగలదు. దోషిని మాత్రమే వెదకు చోటనైనచో, పైన చెప్పిన ఉపాయములను వానికి చెప్పుడు: కోపముతో పోవలదు, లెక్కతో పొమ్మనుడు, పెద్దది అడుగవలదు, చిన్నది అడుగుమనుడు, ఒంటరిగా పోవలదు, మేస్త్రీని వెంటబెట్టుకొని పొమ్మనుడు.

చెరకు బండ్ల బారులో "ఏదో విరిగినదట" అని చెప్పుకొన్న దినములు మన సీమలో చాల గడచినవి. ఆ బారులు మరల వచ్చునో రావో కాలము నిర్ణయించును. కాని ఏ పని చేయుచోటనైనను, "ఏదో" అను మాట వినబడినపుడు దానిని అంతటితో విడువక "ఏది? ఏల?" అని శాంతముగా అడుగువాడొకడును, ఆ ప్రశ్నను కోపగింపక వినువాడొకడును ఉన్నచో, ఆ చోటు నిలుచును. మొదటివాడు పనివాడు, రెండవవాడు యజమాని. ఇద్దరును కలిసినగాని అన్వేషణము సాగదు.